శ్రీకాకుళం, విజయనగరం నుంచి హైదరాబాద్‌కి విమానం: గాల్లో 512 కిలోమీటర్లు, నేల మీద అసలు లెక్క

విశాఖపట్నం విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కి ఆకాశమార్గాన దూరం 512 కిలోమీటర్లు. పైలట్ల లెక్కలో 276 నాటికల్ మైళ్ళు. రోడ్డు మీదైతే ఇదే ప్రయాణం 620 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రైలు విజయవాడ, వరంగల్ చుట్టి సికింద్రాబాద్ చేరేసరికి 700 అవుతుంది. టికెట్ మీద విమానానికి గంటా ఇరవై నిమిషాలని కనిపిస్తుంది. మన రెండు జిల్లాల వాళ్ళు చాలామంది ఆ గంటా ఇరవైని పట్టుకుని మిగతా రోజంతా పనులు పెట్టేసుకుంటారు. ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది. ఇంటి గుమ్మం నుంచి అవతలి గుమ్మం దాకా లెక్కేస్తే శ్రీకాకుళం టౌనులో ఉండే మనిషికి ఏడు గంటలు పడుతుంది. అందులో విమానం నిజంగా గాల్లో ఉండేది గంటలోపే. మిగిలిన ఆరు గంటలు ఎలా గడుస్తాయన్నదే ఈ ప్రయాణం సుఖమా కష్టమా అన్నది తేలుస్తుంది.

గంటా ఇరవైలో ఏముంటుంది

టికెట్ మీద వేసే సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. విమానం విశాఖలో నిలిపిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, శంషాబాద్‌లో నిలిచి చక్రాలకు అడ్డుకట్టలు వేసేదాకా లెక్క. విశాఖలో వెనక్కి నెట్టి, ఇంజన్లు స్టార్ట్ చేసి, రన్‌వే చివరికి చేరేసరికి పది నిమిషాలు. గాల్లో యాభై నుంచి యాభై అయిదు నిమిషాలు. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్ల పొడవు, టెర్మినల్ కూడా పెద్దది కాబట్టి దిగాక నిలిచే చోటికి రావడానికి ఇంకో పది నిమిషాలు. పైన మిగిలింది కంపెనీ వాళ్ళు ముందుజాగ్రత్తకు ఉంచుకున్న వెసులుబాటు. అందుకే ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలిన విమానం కూడా ఒక్కోసారి పది నిమిషాల ఆలస్యంతోనే చేరుతుంది.

512 కిలోమీటర్లకు గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోయే ఎయిర్‌బస్ 320 ముప్పై ఏడు నిమిషాల్లో చేరాలి కదా అని అనుమానం రావచ్చు. ఆ వేగం పైకెక్కాక వచ్చేది. పదివేల అడుగుల ఎత్తు దాటేదాకా 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు మించకూడదన్నది మామూలు నియమం. దిగేటప్పుడూ అంతే. ఇంత చిన్న దూరంలో ఎక్కడం, దిగడం కలిపి ప్రయాణంలో సగానికి పైగా తినేస్తాయి. సీటు బెల్టు లైటు ఆరి, నీళ్ళ సీసా చేతికొచ్చి, తాగేలోపే మళ్ళీ లైటు వెలుగుతుంది.

తిరుగు ప్రయాణంలో ఇంకో సంగతి ఉంది. విశాఖలో రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. పడమటి ముఖంగా దించుతున్న రోజున హైదరాబాద్ నుంచి వచ్చిన విమానం విమానాశ్రయాన్ని పక్కన వదిలి సముద్రం మీదికి వెళ్ళి, అక్కడ తిరిగి, హార్బర్ వైపు నుంచి దిగుతుంది. ఊరు దాటిపోయిందేమిటి అని కిటికీలోంచి చూసి కంగారు పడనక్కరలేదు. ఆ చుట్టుకు కొన్ని నిమిషాలు అదనంగా పడతాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ, ఓడరేవు ఇంత దగ్గరగా కనిపించే అవకాశం మళ్ళీ దొరకదు కాబట్టి ఆ నిమిషాలు వృథా పోయాయనిపించదు.

ఏ విమానం వేశారన్నది చూసుకోవాలి. రెక్కల మీద పంకాలున్న ఏటీఆర్ 72 అయితే గంటకు 500 కిలోమీటర్లు పోతుంది. ఇదే దారికి గంటన్నర తీసుకుంటుంది. తక్కువ ఎత్తులో ఎగురుతుంది కాబట్టి వానాకాలంలో కుదుపులు ఎక్కువ. తల పైన సామాను పెట్టే అర చిన్నది, చక్రాల పెట్టె కొంచెం లావుగా ఉన్నా పట్టదు, విమానం మెట్ల దగ్గర తీసుకుని కింద వేస్తారు. కానీ కిటికీ సీటు దొరికితే గోదావరి, తూర్పు కనుమలు జెట్ విమానంలో కంటే ఎంతో బాగా కనిపిస్తాయి. టికెట్ కొనేటప్పుడు వివరాల దగ్గర నొక్కితే విమానం రకం తెలుస్తుంది. పది నిమిషాల తేడా కోసం భయపడక్కరలేదు గానీ, వృద్ధులతో వెళ్ళేవాళ్ళు జెట్ చూసుకోవడమే మంచిది.

మిగతా ఊళ్ళ సంగతి కూడా చెప్పుకుంటే, విశాఖ నుంచి ఆకాశమార్గాన విజయవాడ 290, చెన్నై 620, కోల్‌కతా 770, బెంగళూరు 775, ముంబయి 1,105, ఢిల్లీ 1,355 కిలోమీటర్లు, అన్నీ సుమారుగా. జెట్ విమానానికి దూరాన్ని 800తో భాగించి నలభై నిమిషాలు కలిపితే టికెట్ మీద సమయానికి చాలా దగ్గరగా వస్తుంది. హైదరాబాద్‌కి 38 ప్లస్ 40, డెబ్భై ఎనిమిది నిమిషాలు. ఢిల్లీకి 102 ప్లస్ 40, రెండు గంటల ఇరవై రెండు. ఏటీఆర్‌కి 500తో భాగించి అరగంట కలపాలి. ఈ లెక్కకు బాగా ఎక్కువ సమయం చూపిస్తే అది మధ్యలో ఎక్కడో ఆగే సర్వీసు అని గ్రహించాలి. "వన్ స్టాప్" అన్న చిన్న అక్షరాలు ఫోన్ తెరమీద కంటపడవు.

గాలి ప్రభావం హైదరాబాద్ దారిలో తక్కువ. చలికాలంలో పై ఎత్తుల్లో గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, హైదరాబాద్ నుంచి రావడం త్వరగా, పోవడం నెమ్మదిగా అవుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో ఇది తిరగబడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలికి రానూ పోనూ తేడా నాలుగైదు నిమిషాలే. ముంబయికి మాత్రం గట్టి గాలి ఉన్న రోజున పన్నెండు నిమిషాల దాకా తేడా వస్తుంది.

నేల మీద దూరం

శ్రీకాకుళం టౌను నుంచి విశాఖ విమానాశ్రయం జాతీయ రహదారి 16 మీద సుమారు 115 కిలోమీటర్లు. ఎచ్చెర్ల, చిలకపాలెం, రణస్థలం, పైడిభీమవరం, పూసపాటిరేగ, నాతవలస, భోగాపురం, తగరపువలస, ఆనందపురం. ఇక్కడిదాకా రోడ్డు బాగుంటుంది, కారులో గంటన్నర. పైడిభీమవరం దగ్గర మందుల ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులు వచ్చే వేళ ఒక్కటే కొంచెం నెమ్మది. నాతవలస దగ్గర టోల్ ఉంది.

అసలు నిర్ణయం తీసుకోవాల్సింది ఆనందపురం జంక్షన్‌లో. ఎడమవైపు పాత దారిలో పోతే మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, విమానాశ్రయం దగ్గరి ఎన్‌ఏడీ కూడలి మీదుగా ఊరంతా దాటుకుని విమానాశ్రయం చేరాలి. తెల్లవారుజామున ఇది ముప్పావు గంట. ఉదయం తొమ్మిది, సాయంత్రం ఆరు ప్రాంతాల్లో గంటన్నర కూడా పడుతుంది, ఎంత పడుతుందో ముందుగా చెప్పలేం. కుడివైపు ఆరు వరుసల బైపాస్ ఎక్కితే పెందుర్తి చేరి, అక్కడినుంచి వేపగుంట, గోపాలపట్నం మీదుగా ఎన్‌ఏడీ రావచ్చు. కిలోమీటర్లు కాస్త ఎక్కువైనా సమయం మీద భరోసా ఉంటుంది. పగటి విమానాలకు పెందుర్తి దారే మేలు. ఫోన్ మ్యాప్ రెండు నిమిషాల తేడాతో ఊళ్ళో దారి చూపించినా ఆ రెండు నిమిషాలకు ఆశపడకూడదు. ఊళ్ళోకి దిగాక ఒక్క సిగ్నల్ దగ్గర పది నిమిషాలు పోతాయి. రాత్రి పది దాటాక, తెల్లవారుజామున ఆరులోపు మాత్రం ఊళ్ళో దారి హాయిగా ఉంటుంది.

విజయనగరం నుంచి దూరం 55, 60 కిలోమీటర్ల మధ్య. కొత్తవలస, పెందుర్తి మీదుగా నేరుగా రావచ్చు. కొత్తవలస ఊళ్ళో లారీలకు చిక్కకపోతే గంటన్నర. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం రోజున విజయనగరం ఊళ్ళోంచి కారు బయటికి తీయడమే పెద్ద పని. ఆ రోజు ప్రయాణం ఉంటే మధ్యాహ్నంలోపు ఊరు దాటెయ్యాలి.

రైల్లో వచ్చి విమానం ఎక్కడం చవక. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, టౌనుకు 13 కిలోమీటర్లు. అక్కడినుంచి విశాఖ స్టేషన్ 131, విజయనగరం నుంచి 61 కిలోమీటర్లు. కానీ విశాఖ జంక్షన్‌లో ప్లాట్‌ఫారం ఖాళీ లేక రైళ్ళు స్టేషన్ బయట ఔటర్‌లో ఆగడం మామూలే, ఆ నిలుపుదల అయిదు నిమిషాలు కావచ్చు, నలభై కావచ్చు. పైగా విశాఖ జంక్షన్ నుంచి మళ్ళీ వెనక్కి పది, పన్నెండు కిలోమీటర్లు రావాలి. సింహాచలం స్టేషన్‌లో ఆగే రైలయితే అక్కడే దిగిపోవడం మంచిది. ఆ స్టేషన్ ఉన్నది గోపాలపట్నంలో, ఆటోలో ఇరవై నిమిషాల్లో విమానాశ్రయం. కొన్ని రైళ్ళు విశాఖ జంక్షన్‌కి రాకుండా దువ్వాడ మీదుగా పోతాయి, వాటికి దువ్వాడలో దిగి గాజువాక మీదుగా రావాలి. రైలు చేరే సమయానికి, విమానం కదిలే సమయానికి మధ్య కనీసం నాలుగు గంటలు లేకపోతే రైలు ఆలోచన మానుకోవాలి.

ఆర్టీసీ బస్సయితే శ్రీకాకుళం కాంప్లెక్స్ నుంచి నాన్‌స్టాప్‌లు ఎప్పుడూ ఉంటాయి, విశాఖ ద్వారకా బస్టాండుకు రెండున్నర గంటలు. ద్వారకా బస్టాండులో దిగి గాజువాక వైపు పోయే సిటీ బస్సుకో ఆటోకో మారాలి. ఒక్క బ్యాగుతో ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఇది చాలు. నలుగురు, సామాను ఉంటే కారు మాట్లాడుకోవడమే లెక్కకు సరిపోతుంది. కారు మాట్లాడేటప్పుడు టోలు, విమానాశ్రయం పార్కింగ్, రాత్రి బత్తా కలిపి చెప్పమని అడగాలి, లేకపోతే దిగాక మాట తేడా వస్తుంది.

భోగాపురం

విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. కట్టింది జీఎంఆర్ సంస్థ. శంషాబాద్ విమానాశ్రయం వాళ్ళదే. రన్‌వే 3.8 కిలోమీటర్లు. విశాఖలోది 3,050 మీటర్లు, అదీ నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో ఉన్నది. నౌకాదళ విమానాల అవసరాలు తీరాకే పౌర విమానాలకు చోటు.

భోగాపురం నుంచి శంషాబాద్‌కి గాల్లో దూరం సుమారు 545 కిలోమీటర్లు. అంటే విశాఖ నుంచి కంటే ముప్పై కిలోమీటర్లు ఎక్కువ, ఎగిరే సమయం రెండు మూడు నిమిషాలు పెరుగుతుంది. శ్రీకాకుళం మనిషికి నేల మీద మాత్రం 115 కిలోమీటర్లు అరవైకి దిగుతాయి, ఆనందపురం తర్వాతి గందరగోళమంతా పోతుంది. విజయనగరానికి పాతిక కిలోమీటర్లే. గాల్లో మూడు నిమిషాలు ఇచ్చి నేల మీద గంటన్నర తీసుకోవడమిది. గాజువాక, అనకాపల్లి వాళ్ళకు లెక్క తిరగబడుతుందన్నది నిజమే. కానీ ఇన్నాళ్ళూ ఆ దూరం మోసింది మన రెండు జిల్లాలే కాబట్టి ఈ మార్పు న్యాయమైనదే. సర్వీసులు మారే కాలంలో టికెట్ మీద ఊరి పేరు విశాఖపట్నం అనే ఉన్నా, ఏ విమానాశ్రయమో కింద వేరేగా చదువుకోవాలి. కారు డ్రైవరుకు కూడా "విశాఖ ఎయిర్‌పోర్టు" అని ఊరుకోకుండా భోగాపురమా, ఎన్‌ఏడీ దగ్గరిదా అన్నది విడమరిచి చెప్పాలి. ఈ రెంటికీ మధ్య యాభై కిలోమీటర్ల పైనే ఉంది.

ఇచ్ఛాపురం వైపు వాళ్ళకు భువనేశ్వర్

జిల్లా ఉత్తరపు కొసన ఉన్నవాళ్ళు అలవాటుగా విశాఖకే వస్తారు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ స్టేషన్ సుమారు 250 కిలోమీటర్లు, భువనేశ్వర్ 190. పలాస నుంచి విశాఖ 205, భువనేశ్వర్ 240. మందస రోడ్డు, సోంపేట మధ్య ఎక్కడో రెండూ సమానం అవుతాయి. కాబట్టి సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వాళ్ళు ఢిల్లీ, ముంబయి, బెంగళూరు టికెట్లు చూసేటప్పుడు భువనేశ్వర్ నుంచి కూడా చూసుకోవాలి. అక్కడ విమానాశ్రయం రైల్వే స్టేషన్‌కి చాలా దగ్గర, ఆటోలో పావుగంట, ఇరవై నిమిషాలు. హైదరాబాద్‌కి మాత్రం భువనేశ్వర్ వెళ్ళడమంటే వెనక్కి నడిచి ముందుకు పోవడమే. గాల్లో దూరం పెరుగుతుంది, ఛార్జీ కూడా సాధారణంగా ఎక్కువే ఉంటుంది.

ముందురోజు రాత్రి బస

ఉదయం ఏడులోపు విమానమైతే శ్రీకాకుళం నుంచి రాత్రి రెండుకే బయలుదేరాలి. పిల్లలతో, పెద్దవాళ్ళతో అది కష్టం. ముందురోజు వచ్చి పడుకోవాలంటే చోటు ఎంచుకోవడంలోనే తెలివి ఉంది. బీచ్ రోడ్డు హోటళ్ళు చూడ్డానికి బాగుంటాయి, సముద్రం కనిపిస్తుంది, కానీ విమానాశ్రయానికి పదిహేను కిలోమీటర్లు, అద్దె రెండింతలు. నాలుగు గంటలు పడుకుని లేచేవాడికి సముద్రం ఎందుకు? ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం ప్రాంతపు లాడ్జీలు దగ్గర, చవక. హైవేకి ఆనుకున్న గదుల్లో లారీల మోత రాత్రంతా ఉంటుంది, వెనకవైపు గది అడిగి తీసుకోవాలి. గాజువాకలో గదులు ఎక్కువ దొరుకుతాయి, శుభ్రం కూడా మెరుగు, కానీ పొద్దున్నే ఫ్యాక్టరీల షిఫ్టు రద్దీ ఉంటుంది. రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జీలు రైలు దిగిన వాళ్ళకు అనువైనవే గానీ పొద్దున్న మళ్ళీ ఊరు దాటాలి.

గది తీసుకునేటప్పుడు రెండు ప్రశ్నలు. తెల్లవారుజామున నాలుగుకు గేటు తీసి ఉంటుందా? ఆ వేళకు ఆటో దొరుకుతుందా, లేక వాళ్ళే మాట్లాడి పెడతారా? ఇరవై నాలుగు గంటల లెక్క మీద గది ఇచ్చే లాడ్జీ అయితే రాత్రి పదికి దిగి పొద్దున్నే వెళ్ళినా పూర్తి అద్దె తప్పదు.

టెర్మినల్లో

దేశీయ విమానాలకు చెకిన్ కౌంటర్ బయలుదేరే సమయానికి గంట ముందు మూసేస్తారు. బోర్డింగ్ గేటు ఇరవై అయిదు నిమిషాల ముందు మూస్తారు. టికెట్ మీద 9:00 అని ఉంటే లగేజీ 8:00లోపు ఇచ్చెయ్యాలి, 8:35కల్లా గేటు దాటాలి. తొమ్మిదికి బస్సెక్కినట్టు ఎక్కుదామంటే కుదరదు. లగేజీ లేకుండా ఫోన్‌లో వెబ్ చెకిన్ చేసుకున్నవాళ్ళు గంటంపావు ముందు చేరినా సరిపోతుంది. లగేజీ ఉంటే రెండు గంటలు. విశాఖలో, శంషాబాద్‌లో రెండుచోట్లా డిజియాత్ర ఉంది. ముందే ఆధార్‌తో నమోదు చేసుకుని, బోర్డింగ్ పాస్ ఎక్కించుకుంటే ముఖం చూపించి లోపలికి పోవచ్చు, శంషాబాద్‌లో రద్దీ వేళ ఇది పావుగంట మిగులుస్తుంది.

మామూలు టికెట్ మీద చెకిన్ సామాను 15 కిలోలు, చేతిలోది 7 కిలోలు. మనవాళ్ళ సామానులో చిక్కొచ్చేవి కొన్ని ఉన్నాయి. పలాస జీడిపప్పు ఎంత తీసుకెళ్ళినా అడగరు. ఎండు కొబ్బరి మాత్రం ఆపుతారు. ఉద్దానం కొబ్బరి కురిడీలు బంధువులకు తీసుకెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. అందులో నూనె ఎక్కువ, దానంతట అదే వేడెక్కి అంటుకునే గుణం ఉందని విమానయాన నిబంధనల్లో ప్రమాదకర సరుకుల కింద చేర్చారు. ఆవకాయ, నెయ్యి చేతి సంచిలో పెడితే తనిఖీ దగ్గర వాదన తప్పదు, గట్టి మూత బిగించి, రెండు కవర్లు చుట్టి చెకిన్ పెట్టెలో పెట్టాలి. పవర్ బ్యాంకు దీనికి తిరగబడి, చెకిన్‌లో పెట్టకూడదు, చేతిలోనే ఉండాలి. పెట్టెలో ఉంటే ఎక్స్‌రేలో దొరికి, మీ పేరు పిలిచి, మళ్ళీ కిందికి రప్పిస్తారు. ఆ హడావుడిలో గేటు మూసేసే ప్రమాదం ఉంది.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళకు

సోంపేట, కవిటి, సంతబొమ్మాళి వైపు నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్ దేశాలకు వెళ్ళేవాళ్ళు ఎక్కువ. విశాఖ నుంచి హైదరాబాద్‌కి ఒక టికెట్, అక్కడినుంచి విదేశానికి వేరే టికెట్ కొనడం వీళ్ళలో మామూలు. విడిగా కొంటే రెండు నష్టాలు. మొదటిది సామాను. విదేశీ టికెట్ మీద 30 కిలోలు ఇచ్చినా, విశాఖ కౌంటర్లో 15కు మించిన ప్రతి కిలోకూ డబ్బు కట్టాలి. రెండోది, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ బాధ్యత తీసుకోరు. ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద విశాఖ నుంచి గమ్యం దాకా కొంటే విదేశీ సామాను లెక్కే మొదటినుంచీ వర్తిస్తుంది, తప్పిపోతే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత వాళ్ళది. ఏజెంటు "రెండూ ఒకటే" అంటే నమ్మకుండా కాగితం మీద పీఎన్‌ఆర్ ఒకటేనా రెండా చూసుకోవాలి. విడి టికెట్లు తప్పనిసరైతే మధ్యలో కనీసం అయిదు గంటలు ఉంచుకోవాలి.

సమయం చదవడంలో కూడా పొరపాటు జరుగుతుంది. బయలుదేరే వేళ, చేరే వేళ ఆయా ఊళ్ళ గడియారం ప్రకారం వేస్తారు. హైదరాబాద్‌లో నాలుగుకు బయలుదేరి దుబాయ్‌లో ఆరున్నరకు చేరుతుందని ఉంటే అది రెండున్నర గంటల ప్రయాణం కాదు, నాలుగు గంటలు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. దూరం 2,550 కిలోమీటర్లు. సింగపూర్ రెండున్నర గంటలు ముందు, అక్కడికి వెళ్ళేటప్పుడు టికెట్ చూస్తే ప్రయాణం ఉన్నదానికంటే పొడుగ్గా కనిపిస్తుంది.

ఆలస్యం, రద్దు

ఒకే విమానం రోజంతా అటూ ఇటూ తిరుగుతుంది. పొద్దున్న ఎక్కడో నలభై నిమిషాలు పోతే అది రాత్రికి గంటన్నర అవుతుంది. అందుకే ముఖ్యమైన పని ఉన్నవాళ్ళు ఉదయం విమానమే తీసుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం తొలి విమానానికి పొగమంచు గండం ఉంటుంది, ఆ రెండు నెలలూ పది, పదకొండు గంటల విమానం నయం. మీ విమానం వేళకు కదులుతుందా లేదా అన్నది కంపెనీ మెసేజ్ కంటే ముందే తెలుసుకోవచ్చు. ఫ్లైట్‌రాడార్24 యాప్‌లో సర్వీసు నంబరు కొడితే ఆ విమానం ప్రస్తుతం ఎక్కడుందో కనిపిస్తుంది. రాత్రి తొమ్మిదికి విశాఖలో కదలాల్సిన విమానం హైదరాబాద్ నుంచి వచ్చేదైతే, ఏడుంబావుకు అది ఇంకా శంషాబాద్‌లోనే నిలిచి ఉంటే మీ తొమ్మిది కాస్తా దాటిపోయినట్టే. గంటా ఇరవై ప్రయాణం, దించి ఎక్కించడానికి అరగంట. ఈ లెక్క చేసుకున్నా, కౌంటర్ మూసే సమయం మాత్రం టికెట్ మీది వేళ ప్రకారమే పాటించాలి.

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో బ్లాక్ టైమ్‌కి ఇంకో ఉపయోగం ఉంది. రెండున్నర గంటల లోపు ప్రయాణాలకు రెండు గంటలు ఆలస్యమైతే తిండి, నీళ్ళు ఇవ్వాలి. ఆరు గంటలు దాటే ఆలస్యమైతే వేరే విమానమో, పూర్తి డబ్బో కోరుకునే హక్కు మీది. ముందు చెప్పకుండా రద్దు చేసి, తగిన ప్రత్యామ్నాయం చూపకపోతే పరిహారం బ్లాక్ టైమ్‌ని బట్టి ఉంటుంది. గంట లోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటలకు 7,500, ఆ పైన 10,000. లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. హైదరాబాద్ దారి రెండో కోవలోకి వస్తుంది. తుపాను లాంటి చేతిలో లేని కారణాలకు పరిహారం వర్తించదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ టెర్మినల్ కప్పునే ఎగరగొట్టింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస, ఉద్దానం మీద విరుచుకుపడింది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త వినగానే ప్రయాణం ఒకరోజు ముందుకు జరుపుకోవడం మంచిది. రోడ్డు, రైలు, విమానం మూడూ ఒకేసారి ఆగిపోతాయి.

రైలుతో పోలిస్తే

శ్రీకాకుళం రోడ్డు నుంచి ఫలక్‌నుమా, ఈస్ట్‌కోస్ట్, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు నేరుగా ఉన్నాయి. సుమారు 800 కిలోమీటర్లు, ఎక్కువగా రాత్రి ప్రయాణమే. ఒంటరిగా, పని తొందర లేకుండా వెళ్ళేవాళ్ళకు బెర్తు దొరికితే రైలే మంచిది, నిద్రలో గడిచిపోతుంది. విశాఖ నుంచి 2023 జనవరిలో మొదలైన వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో సికింద్రాబాద్ చేరుస్తుంది. కానీ అది తెల్లవారుజామునే కదులుతుంది, శ్రీకాకుళం వాళ్ళు దాన్ని అందుకోవాలంటే ముందురోజే విశాఖలో ఉండాలి. విజయనగరం వాళ్ళకైతే పనికొస్తుంది. శంషాబాద్ నుంచి సికింద్రాబాద్ ముప్పై అయిదు కిలోమీటర్ల పైనే ఉందనీ, విమానాశ్రయం నుంచి నడిచే పుష్పక్ బస్సులో గంటన్నర పడుతుందనీ లెక్కలో కలుపుకుంటే సికింద్రాబాద్ వైపు వాళ్ళకు విమానం లాభం బాగా తగ్గుతుంది. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు వెళ్ళేవాళ్ళకు ఔటర్ రింగ్ రోడ్డు మీద నలభై నిమిషాలే, వాళ్ళకు విమానమే సరైనది.

అటు నుంచి ఇటు వచ్చేవాళ్ళకు

అరసవల్లి, శ్రీకూర్మం చూడ్డానికి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు విశాఖలో బస పెట్టుకుని పొద్దున్నే కారులో వెళ్దామనుకుంటారు. ఆదివారం, రథసప్తమి రోజుల్లో అలా వస్తే క్యూలో మధ్యాహ్నమవుతుంది. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజుల కోసమైతే సూర్యోదయానికి ముందే గుళ్ళో ఉండాలి. సాయంత్రం విమానంలో దిగి, రాత్రికే శ్రీకాకుళం చేరి, ఏడు రోడ్ల జంక్షన్, డే అండ్ నైట్ జంక్షన్ ప్రాంతాల్లో గది తీసుకోవాలి. గదులు సాదాగా ఉంటాయి, ధర అందుబాటులో ఉంటుంది, గుడికి ఆటోలో పది నిమిషాలు. రథసప్తమికి మాత్రం గదులు ముందే నిండిపోతాయి.

రాత్రి ఆఖరి విమానానికి విశాఖలో దిగితే శ్రీకాకుళం వైపు ఆర్టీసీ బస్సులు పలచబడతాయి. అప్పటికప్పుడు టెర్మినల్ బయట మాట్లాడే కారుకు, శ్రీకాకుళం నుంచే ముందుగా రప్పించుకున్న కారుకు ఛార్జీలో తేడా బాగా కనిపిస్తుంది. డ్రైవరుకు విమానం నంబరు చెప్పి పెడితే, ఆలస్యమైనా అతనే చూసుకుని వేళకు వస్తాడు.